గుండె వ్రాయు గీత: ఇ.సి.జి. పరీక్షను గూర్చి తల్లిదండ్రులకు

మన పాఠశాల వార్షిక సంచికలో పిల్లల చదువులను గూర్చియు, మాతృభాషను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ యేడు అందులకు భిన్నముగా గుండె పరీక్షనొకదానిని గూర్చి వ్రాయబూనుటకు కారణము కలదు. పిల్లవాడు నాలుగు దినములు బడికి రానిచో మేము ఇంటికి మనిషిని పంపి విచారింతుము. జ్వరమనియో, ఊరికి పోయిరనియో సమాధానము వచ్చును. కాని ఒక్కొక్కమారు, "వాళ్ల బాపుకు రాత్రి ఛాతీల నొప్పి లేచింది, తెల్లారేసరికి పోయిండు" అను మాటయు వినవలసి వచ్చినది. అట్టి యింట పెద్ద కుమారుడు తొమ్మిదవ తరగతితో చదువు చాలించి సాంచాల నడుమ నిలబడుటయు చూచితిమి. ఆ రాత్రి ఏమి జరిగినదని అడిగినపుడు ఇంచుమించు ఒకే కథ వినబడును. నొప్పి గ్యాసు వలన వచ్చినదనుకొనిరి, సోడా త్రాగించిరి, తెల్లవారనిమ్మనిరి. గుండె స్థితిని తెలుపు చిన్న పరీక్ష యొకటి కలదని వారెరుగకపోలేదు. అది ఎందులకో, ఎప్పుడు చేయించవలెనో మాత్రము ఎరుగరు. ఆ రెండు విషయములను చెప్పుటకే ఈ వ్యాసము.

భివండి వాసులకు విద్యుత్తును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసినది లేదు. కరెంటు పోయిన మరుక్షణమున పద్మానగరమునుండి కామత్‌ఘర్ వరకు చప్పుడంతయు నిలిచి, ఆ నిశ్శబ్దమునకు పసిపిల్లలు నిద్రలేచి యేడ్తురు. తిరిగి వచ్చినంతనే సాంచాలన్నియు ఒక్కసారి మేల్కొనును. మన గుండెయు విద్యుత్తుతోనే నడచునని చెప్పినచో మాత్రము చాలమంది విస్తుపోవుదురు. అయితే ఆ విద్యుత్తు బయటి తీగలనుండి వచ్చునది కాదు. గుండె కణముల పొరలగుండ సోడియము, పొటాషియము, కాల్షియము అను లవణ ధాతువులు లోపలికిని బయటికిని సంచరించుటవలన పుట్టునది. అందుచేతనే గుండెను దేహమునుండి వేరుచేసినను, తగిన పోషకద్రవము అందుచున్నంతవరకు అది కొంతసేపు తనంతట తానే కొట్టుకొనుచుండును.

గుండెలో పైన రెండు, క్రింద రెండు, మొత్తము నాలుగు గదులు కలవు. పైవానిని కర్ణికలనియు, క్రిందివానిని జఠరికలనియు మీ పిల్లల జీవశాస్త్ర పుస్తకములో చూడవచ్చును. కుడి కర్ణిక గోడలో చిన్న కణుపు ఒకటి కలదు. అచ్చట పుట్టిన విద్యుత్ ప్రేరణ ముందుగా పై గదులకు ప్రాకి వానిని ముడుచుకొనజేయును. రక్తము క్రింది గదులలోనికి దిగును. పై గదులకును క్రింది గదులకును నడుమ మరియొక కణుపు కలదు. ప్రేరణ ఇచ్చట సెకనులో పదియవ వంతు కాలము ఆగును. ఈ ఆగుట దోషము కాదు, అవసరము. క్రింది గదులు నిండుటకు ఆ వ్యవధి కావలెను. పిదప ప్రేరణ నరములవంటి కండర తంతువుల వెంట క్రింది గదులకు వేగముగా వ్యాపించి, వానిని ఒక్కుమ్మడిగా ముడుచుకొనజేయును. 1906లో సునావో తవారా అను జపాను వైద్యుడు జర్మనీలో పరిశోధన చేయుచు ఈ నడిమి కణుపును కనుగొనెను. మరుసటి యేడు ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అను వారు మొదటి కణుపును కనుగొనిరి.

సాంచా నడుపువారికి ఇది సులభముగ బోధపడును. ముందు పడుగు విచ్చుకొనవలెను, పిదప నాడె దూకవలెను, ఆ తరువాతనే అచ్చు వచ్చి పేకను కొట్టవలెను. పడుగు విచ్చుకొనకముందే నాడె దూకెనేని దారములు గుత్తులుగా తెగును. మోటారు బాగుగనే తిరుగుచున్నను వేళలు తప్పిన సాంచా బట్టను నేయదు. గుండె విషయమును అంతే. నిమిషమునకు 72 మారుల చొప్పున లెక్కించినను, గుండె దినమునకు లక్షకు పైగా కొట్టుకొనును. సాంచాకు నూనె పెట్టుటకైనను ఆపుదుము, దీనికి ఆ విరామమును లేదు. విషయాంతరమైనను ఒకమాట చెప్పక యుండలేకపోవుచున్నాము. ఈ కండరములు ముడుచుకొనుటకు శక్తినిచ్చు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు.

గుండెలో పుట్టిన విద్యుత్తు గుండెలోనే యుండిపోదు. దేహమంతయు ఉప్పునీటితో నిండినది గనుక ఆ విద్యుత్తు ఛాయ చర్మమువరకు వచ్చును. కాని అది మిక్కిలి స్వల్పము. టార్చిలైటులో వేయు ఘటము ఒకటిన్నర వోల్టులిచ్చును, చర్మముపై దొరకు గుండె విద్యుత్తు అందులో వేయియైదువందలవ వంతు మాత్రమే. ఇంత స్వల్పమైనదానిని పట్టుకొనుట యెట్లు? 1887లో లండనులోని సెయింట్ మేరీ ఆసుపత్రియందు అగస్టస్ వాలర్ అను శాస్త్రజ్ఞుడు మానవ దేహమును కోయకుండ బయటినుండియే దీనిని మొదట నమోదు చేసెను. తన పెంపుడు కుక్క జిమ్మీని ఉప్పునీటి పాత్రలలో కాళ్లుంచి నిలువబెట్టి సభలలో ప్రదర్శించుటయు ఆయనకు అలవాటు. మూగజీవిని హింసించుచున్నారని బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న లేచెనట. కుక్కకు మాత్రము నీటిలో నిలుచుటకంటె వేరు బాధ లేదు. కాని వాలర్ యంత్రము గీసిన గీత మందకొడిది, వైద్యునకు పనికివచ్చునంత స్పష్టమైనది కాదు.

ఆ కొరతను తీర్చినవాడు విల్లెం ఐంథోవెన్. ఆయన 1860లో జావా ద్వీపమందలి సెమరాంగ్ పట్టణమున జన్మించి, హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనవాడు. మన నేతవారు తప్పక తెలిసికొనదగిన సంగతి యేమనగా, ఆయన యంత్రమునకు ప్రాణము ఒక దారము. అది నూలుదారము కాదు, స్ఫటికమును కరగించి తీసినది. కరగిన స్ఫటికమును బాణమునకు అంటించి, వింటితో దూరమునకు విడిచినచో వెనుక సన్నని పోగు సాగి నిలుచును. తల వెంట్రుకకంటె అనేక రెట్లు సన్ననైన ఆ పోగునకు వెండిపూత పూసి, బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువముల నడుమ వ్రేలాడదీసెను. గుండె విద్యుత్తు ఆ పోగుగుండ పోవునపుడెల్ల అది ఇటునటు కదలును. దాని నీడను పెద్దదిచేసి, కదలుచున్న ఛాయాచిత్రపు పలకపై పట్టెను. ఎంతటి సన్ననూలు నేసినవారి చేతికిని అట్టి పోగు అందియుండదు!

పోగు అంత సన్ననిదైనను యంత్రము మాత్రము 270 కిలోల బరువు. దానిని నడుపుటకు ఐదుగురు కావలసియుండిరి. రోగి రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండవలెను. దానిని ఆసుపత్రికి తరలించుట సాధ్యము కాకపోగా, ఐంథోవెన్ 1905లో ఆసుపత్రినుండి తన ప్రయోగశాలకు ఒకటిన్నర కిలోమీటరు టెలిఫోను తీగ వేయించి, రోగుల గుండె గీతలను దూరమునుండియే పట్టెను. నేడు చిన్న ఊళ్లలో తీసిన గీతను ఫోనుద్వారా పట్టణపు వైద్యునకు పంపుచున్నారు గదా, ఆ యాలోచన నూటయిరువది యేండ్ల నాటిది. 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. గీతలోని ఎత్తుపల్లములకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అను అక్షరములను పెట్టినవాడును ఆయనయే. ఆ పేర్లు ఇప్పటికిని మారలేదు.

ఇప్పటి యంత్రమును ఒక చేత పట్టుకొని పోవచ్చును. రోగిని వెల్లకిల పరుండబెట్టి, చేతులకును కాళ్లకును నాలుగు, ఛాతీపై ఆరు, మొత్తము పది తీగలు తగిలింతురు. ఆ పదింటిని పలువిధముల జతపరచి యంత్రము గుండెను పండ్రెండు దిక్కులనుండి చూచినట్లు గీతలు గీయును. తీగలను చూచి మన పెద్దలు కొందరు జంకుదురు. షెడ్డులో షాకు తగిలినవారి భయము మరియు నెక్కువ. ఈ యంత్రము దేహములోనికి విద్యుత్తును పంపదు, దేహమునుండి వచ్చుదానిని వినును, అంతే. నొప్పి యుండదు. కదలక, మాటాడక, భుజములు వదులుగా నుంచి పరుండినచో చాలును. చలికి వణకినను, పిడికిలి బిగించినను ఆ కండరముల విద్యుత్తును గీతలో కలసి గజిబిజి యగును. స్త్రీలు ఛాతీ విప్పవలసివచ్చునని సిగ్గుపడి ఈ పరీక్షను దాటవేయుట మేమెరిగినదే. నర్సు చేత చేయింపుడనియు, దుప్పటి కప్పుడనియు అడుగుటకు వారికి హక్కు కలదు. అడిగిన కాదనువారుండరు.

వచ్చిన కాగితము గళ్లదై యుండును. అంచు డిజైను గీయు గళ్ల కాగితమును చూచినవారికి ఇది క్రొత్త కాదు. కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కదలును గనుక చిన్న గడి ఒకటి సెకనులో 25వ వంతు, ఐదు చిన్న గళ్లుగల పెద్దగడి ఐదవ వంతు కాలము. మొదటి చిన్న గుబ్బ పి, పై గదుల విద్యుత్తు. తరువాత సూదివలె లేచునది క్రింది గదుల విద్యుత్తు. చివరి గుబ్బ టి, అవి తిరిగి సిద్ధమగుట. రెండు సూదుల నడుమ ఎన్ని పెద్దగళ్లున్నవో లెక్కించి 300ను దానిచే భాగించినచో నిమిషమునకు కొట్టుకొను వేగము తెలియును. నాలుగు గళ్లున్నచో 75. ఇంతవరకు మన యెనిమిదవ తరగతి పిల్లలును చేయగలరు. ఇంతకుమించి ఇంటిలో చదువబూనుట తగదు. యంత్రము పైన అచ్చువేయు వాక్యమును సయితము వైద్యుడు చూచి ఒప్పుకొనువరకు నమ్మరాదు. తీగలు తారుమారైనను అది తనకు తోచినది వ్రాయును.

ఈ గీత ముఖ్యముగా రెండు సంగతులు చెప్పును. ఒకటి, లయ. కణుపులలోనో తంతువులలోనో ప్రేరణ తడబడినచో అది ఎచ్చట తడబడినదో కాగితముపై కనబడును. మిక్కిలి మందగించినవారికి పేస్‌మేకరు అను చిన్న యంత్రమును అమర్తురు. 1958లో స్వీడనులో దేహములోపల దానిని మొదట అమర్చబడిన ఆర్నే లార్సన్, అనేకమారులు మార్పించుకొనుచు, 2001 వరకు జీవించెను. రెండవది, మనకు అంతకంటె ముఖ్యమైనది, గుండెపోటు. గుండె కండరమునకు రక్తమునిచ్చు నాళములో గడ్డకట్టి దారి మూసికొనినపుడు, ఆ నాళము పోషించు కండరభాగము నశింపసాగును. ఆ భాగమునుండి వచ్చు విద్యుత్తు మారిపోవును. సూదికిని చివరి గుబ్బకును నడుమ సమముగ నుండవలసిన గీత పైకి లేచును. ఏ దిక్కు గీత లేచినదో చూచి గుండెలో ఏ గోడ దెబ్బతినినదో వైద్యుడు చెప్పగలడు. అట్టి గీతను చూచిన వెంటనే గడ్డను కరగించు మందు నిచ్చుటయో, నాళములోనికి బుడగను పంపి దారి తెరచి స్టెంటు నుంచుటయో చేయుదురు. అందుకే ఛాతీనొప్పితో వచ్చినవారికి పది నిమిషములలోపల ఈ పరీక్ష ముగియవలెనని వైద్యశాస్త్ర నియమము. గడ్డను కరగించు మందు మొదటి గంటలలో ఇచ్చినంత మేలు తరువాత చేయదు, పండ్రెండు గంటలు దాటిన పిదప దాని ప్రయోజనము మిక్కిలి తక్కువ. చచ్చిన గుండె కండరము మరల మొలవదు. తెల్లవారనిమ్మనుటలో ఉన్న ప్రమాదమిదియే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మూడేండ్ల క్రిందట మా విద్యార్థిని తండ్రి యొకడు రాత్రి పాళీలో నుండగా, రెండు గంటల వేళ ఛాతీ బిగబట్టినట్లును, దవడ లాగినట్లును తోచి చెమటలు పట్టెను. "గ్యాసేనే అన్నా, సోడా తాగుతే పోతది" అని ప్రక్కసాంచావాడు చెప్పెను. మొదట పోయినచోట గ్యాసుమందే యిచ్చి పంపిరి. నొప్పి తగ్గక మరియొక వైద్యుని యొద్దకు పోగా ఆయన ఇ.సి.జి. తీసెను. గీతలో దోషమేమియు లేదు. ఇంటికి పోవుదునని రోగి లేచెను. "కాగితం బాగుంది, నువ్వు బాగలేవు, కూర్చో" అని వైద్యుడు అతనిని ఆపి అరగంటకు మరల తీసెను. రెండవ కాగితములో గీత లేచియుండెను. అంబులెన్సులో ఠాణేకు పంపిరి, స్టెంటు వేసిరి. అతడు నేడును పని చేసికొనుచున్నాడు. మొదటి కాగితమే చివరిమాట యని నమ్మియుండినచో ఏమగునో ఊహింపవచ్చును. ఇ.సి.జి. ఆ కొన్ని సెకనుల కాలమును మాత్రమే చూపును. గుండెపోటు ప్రారంభమున అది మామూలుగా నుండుట అరుదు కాదు. నొప్పి యుండగా గీత బాగున్నదనినచో, మరల ఎప్పుడు తీయుదురనియు, ట్రోపోనిన్ అను రక్తపరీక్ష చేయుదురా యనియు అడుగుట రోగి బంధువుల పని.

నొప్పి ఎడమ ఛాతీలోనే రావలెనని లేదు. నడుమ బరువుగా, భుజములలో, వీపున, దవడలో, పొట్టపైభాగమునను రావచ్చును. మధుమేహమున్నవారిలోను, స్త్రీలలోను, వృద్ధులలోను నొప్పి స్పష్టముగ లేక ఆయాసము, చెమట, వాంతి, నిస్సత్తువ మాత్రమే కనబడుటయు కలదు. తంబాకు, బీడీ అలవాటున్నవారికి, రక్తపుపోటున్నవారికి అనుమానము మరింత ఉండవలెను.

సాంచా కార్మికులకు ప్రత్యేకమైనది మరియొకటి. షెడ్డులో తీగల కరెంటు 230 వోల్టులు, సెకనుకు 100 మారులు దిశ మారునది. అది ఛాతీగుండ పోయినచో గుండె లయను చెదరగొట్టి, జఠరికలు ముడుచుకొనక వణకునట్లు చేయగలదు. షాకు తగిలినవానిని ముట్టుకొనకముందు మెయిన్ స్విచ్చి ఆపవలెను. స్పృహ లేక, శ్వాస లేకున్నచో ఛాతీ నడుమ రెండు చేతులతో ఐదు సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కవలెను. సాదా సాంచా వేగము ఇంచుమించు అంతే గనుక ఆ లయ మనవారి చెవిలోనే యున్నది. లేచి కూర్చుండి నవ్వినవానిని సయితము "ఏమీ కాలేదు" అని మరల పనిలో పెట్టక, ఆసుపత్రిలో చూపించి ఇ.సి.జి. తీయించవలెను.

పిల్లలకు ఈ పరీక్ష ఎందులకని అడుగుదురేమో! అందరికి అక్కరలేదు. ఆటలో పరుగెత్తుచుండగా ఉన్నట్టుండి సొమ్మసిల్లిన పిల్లకు, యౌవనములోనే హఠాత్తుగా మరణించినవారున్న కుటుంబపు పిల్లకు తప్పక కావలెను. ఎండదెబ్బ యని సరిపుచ్చరాదు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే గుండె విద్యుత్తు తిరిగి సిద్ధమగుటకు ఎక్కువకాలము పట్టును, దేహము చూచుటకు ఆరోగ్యముగనే యుండును. గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు మోకాలు, చీలమండ, మోచేయి ఒకదాని తరువాత నొకటి వాచుటను తేలికగా తీసికొనరాదు. ఐదు మొదలు పదునైదేండ్ల పిల్లలకు, ఒకే గదిలో పలువురు నిద్రించు ఇండ్లలో, ఈ కీళ్లజ్వరము ఎక్కువగా వచ్చును. అది గుండె కవాటములను చెరుపును. నడిమి కణుపువద్ద ప్రేరణ ఆగు కాలము పెరిగినదేమో ఇ.సి.జి.లో చూడవచ్చును. గొంతునొప్పికే సకాలమున పెన్సిలిన్ వంటి మందు పడినచో ఇంతదూరము రాదు.

ఇ.సి.జి.ని ఎకోతో కలపి మాటాడుట మనవారి అలవాటు. ఎకో ధ్వనితరంగములతో గుండె ఆకారమును, కవాటములను చూపును. హోల్టరు అనునది ఒకదినమంతయు తగిలించుకొని తిరుగు ఇ.సి.జి. యంత్రము, వచ్చిపోవు దడకు పనికివచ్చును. నడకపట్టాపై నడిపించుచు తీయునది మరియొకటి. ఏది కావలెనో వైద్యుడు చెప్పును.

నొప్పి వచ్చినపుడు మోటారుసైకిలు తామే నడుపుకొనుచు పోరాదు. 2005లో హైదరాబాదున మొదలైన 108 అంబులెన్సు సేవ మహారాష్ట్రలో 2014 నుండి కలదు. భివండిలో ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి, కల్వాలో ఛత్రపతి శివాజీ మహారాజ్ ఆసుపత్రి ప్రభుత్వ పక్షమున నడచునవి. సాంచాల యజమానులలోను మన విద్యార్థుల తండ్రులు కలరు. వారికొక మనవి: పాళీ నడుమ ఛాతీనొప్పితో సాంచా విడిచి పోయినవాని కూలి కోయకుడు. చాలమంది తెల్లవారువరకు ఓర్చుకొనుట ఆ భయముచేతనే.

కాగితమును గూర్చి చెప్పవలసినది మిగిలినది. బాగున్న దినమున తీసిన ఇ.సి.జి. బాగులేని దినమున వైద్యునకు మిక్కిలి ఉపయోగపడును, పాతదానితో పోల్చి క్రొత్త మార్పును గుర్తించును. కావున పారవేయరాదు. అది వేడికి నల్లబడు పూతగల కాగితము. కొన్ని నెలలకే వెలిసిపోవును గనుక వెంటనే జిరాక్సు తీయించి, ఫోనులో ఫోటో తీసి యుంచుకొనవలెను. అసలు కాగితమును లామినేషన్ మాత్రము చేయించరాదు, ఆ వేడికి అంతయు నల్లనై గీత కనబడకపోవును. మేము పైన చెప్పిన తండ్రి తన రెండు కాగితముల జిరాక్సులను కుమార్తె మార్కుల పత్రములున్న సంచిలోనే ఉంచినాడు. ఇంటిలో రాత్రివేళ దీపము లేకున్నను చేతికి దొరకు సంచి అదియేనట.